'అలోన్' – 'ఒంటరి' : ఒక యర్థవిచారము

ఆంగ్లభాషయందు ఏకత్వమును దెలుపు క్రియావిశేషణములలో 'అలోన్' అనునది మిక్కిలి వాడుకలో నున్నది. దానికిఁ దెలుఁగేమి యని యడిగినచో, పాఠశాలవిద్యార్థి మొదలు భాషాంతరీకర్త వఱకు నందఱును 'ఒంటరిగా' నని చెప్పుదురు. ఈ సమీకరణము పైకి నిర్దుష్టముగాఁ దోఁచును. కాని రెండుపదముల పుట్టుకను విచారించి చూచినచో, ఇవి యొకటి యను సంఖ్యనుండియే బయలుదేఱియు భిన్నమార్గములఁ బోయినవని తెలియును. 'అలోన్' అనుదానిలో మొదట నున్నది పూర్ణత్వము. 'ఒంటరి' యనుదానిలో నేఁడు వినఁబడునది కొఱఁత. ఒకదానికి మాఱుగా రెండవదానిని నిలిపినపుడు వాక్యములోని మనుష్యుని స్థితియే మాఱిపోవుచున్నది.

ఇది పండితగోష్ఠికే పరిమితమైన విషయమని తలఁపరాదు. హైదరాబాదు నగరమునకుఁ బడమట, మాదాపూరునందు 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీని సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు, గచ్చిబౌలి కొండాపురముల వఱకును వ్యాపించి హైటెక్ సిటీ యను సీమ యేర్పడినది. 2003లోఁ బోలీసు కమిషనరేటు పేరుగా సైబరాబా దను మాటయు ప్రభుత్వవ్యవహారమునఁ జేరినది. తెలుఁగుపల్లెలనుండియు నితరరాష్ట్రములనుండియు వచ్చి, ఇల్లువాకిళ్లకు దూరముగా నుండి యుద్యోగములు చేయువారి కిది నివాసభూమి. అచ్చట 'అలోన్', 'లోన్లీ', 'సింగిల్', 'సోలో', 'ఓన్లీ' అను నాంగ్లపదములు తెలుఁగువాక్యములలో నుప్పువలెఁ గలసిపోయినవి. అద్దెయింటి పలకమీఁద, వసతిగృహపు ప్రకటనలో, ప్రభుత్వమునకుఁ బెట్టుకొను దరఖాస్తులో, వైద్యునియెదుటఁ జెప్పుకొను మాటలో నివి వచ్చుచున్నవి. వీని నన్నిటిని 'ఒంటరి' యను నొక్కపదముతోఁ దెలుఁగు చేయుటవలన మనుష్యులకు లేనిపోని పేరులు పడుచున్నవి.

'అలోన్' అనునది సమాసము. 'ఆల్' అనఁగా సర్వము, 'వన్' అనఁగా నొకటి. ఈ రెండును గలసి మధ్యకాలపు టాంగ్లమున రమారమి 1300 ప్రాంతమున నేకపదముగా స్థిరపడుట కానవచ్చుచున్నది. "పూర్తిగా నొకఁడు" అని దీని యవయవార్థము. సర్వమునకును నేకమునకును విరోధము లేదా యని కొందఱు శంకింపవచ్చును. ఇచట 'ఆల్' అనునది బాహుళ్యమును జెప్పుటలేదు; 'అచ్చముగా', 'బొత్తిగా' అను దార్ఢ్యమును జెప్పుచున్నది. జర్మనుభాషలోని 'అల్లైన్', డచ్చిభాషలోని 'అల్లేన్' అనునవియు నీరీతినే కూర్పఁబడినవి గావున, నిది యాంగ్లేయు లొక్కరి కల్పన గాదు; ఆ భాషాకుటుంబమునకు సహజమైన యూహ.

సంఖ్యావాచకమును నేఁడు వకారాదిగా 'వన్' అని పలుకుచున్నారు. ఈ వకారము తరువాతికాలమున నొక మాండలికోచ్చారణమునుండి వ్యాపించినది. అంతకుముందే సమాసములలోఁ జేరి గట్టిపడిన రూపముల కది సోఁకలేదు. కావుననే 'అలోన్', 'ఓన్లీ', 'అటోన్' అను మూఁడింటియందును బ్రాచీనమైన ఓకారమే నిలిచినది. వీనిలో 'ఓన్లీ' యనునది ప్రాచీనాంగ్లమున 'ఒకటివంటిది' యను నర్థమున నుండెను. 'అటోన్' అనునది 'ఒకటై యుండు' అను పదబంధమునుండి పుట్టినది. కలహించినవారు మరల నొకటగుట దాని తొలియర్థము. పాపమునకుఁ బరిహారము చేసికొనుట తరువాత వచ్చిన యర్థము. ఒకటి యను ధాతువే యొకవంక వేఱైయుండుటను, వేఱొకవంకఁ గలసిపోవుటను జెప్పుట గమనింపఁదగినది. దీనికి సాటి తెలుఁగునను గలదు. అది ముందు చూపఁబడును.

'అలోన్' అనుదానిలోని మొదటి యచ్చును వేఱుపదముగా భ్రమించి విడఁగొట్టుటచేత 'లోన్' అను విశేషణము పుట్టినది. ఇది పదునాల్గవ శతాబ్ది చివర. (సైబరాబాదులో 'లోన్' అన్నచో నందఱకును బ్యాంకుఋణమే స్ఫురించును. ఆ పదము వేఱు. దానికి దీనితోఁ జుట్టఱికము లేదు.) దానిపై 'లీ' ప్రత్యయము చేరి 'లోన్లీ' యైనది పదునేడవ శతాబ్ది యారంభమున. అప్పటికిని అది జనులకు దూరమైన మనుష్యుని గాని, నిర్జనమైన చోటును గాని చెప్పుచుండెనే తప్ప మనస్సులోని బాధను జెప్పుటకు నియతము గాలేదు. తోడు లేమిచేఁ గ్రుంగియుండుట యను నర్థము పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లనుండి కానవచ్చుచున్నది. అనఁగా 'అలోన్' పుట్టిన యైదువందల యేండ్లకు గాని యా కుటుంబమున దుఃఖ మొక పదమునకు రూఢ్యర్థము గాలేదు.

ఇంకొక వ్యాకరణవిశేషము. ఆంగ్లమున 'అలోన్' అను పదమును నామమునకు ముందు విశేషణముగాఁ బెట్టరాదు. "ఆయన అలోన్‌గా నున్నాఁడు" అను తీరున విధేయముగానే వచ్చును గాని, "అలోన్ మనుష్యుఁడు" అనుట యా భాషలో దోషము. అట్లు చెప్పవలసివచ్చినపుడు 'లోన్', 'లోన్లీ', 'సింగిల్' అను వేఱుపదములను వాడుదురు. ఇందలి రహస్య మేమనఁగా, 'అలోన్' ఒకానొకవేళ నున్న స్థితిని దెలుపును. మనుష్యుని జాతిని నిర్ణయింపదు. ఈ భేదమును బాటించుటలోనే తెలుఁగుసేఁత తప్పుచున్నది.

సంస్కృతమున నీ భావమునకు రెండు ముఖ్యపదములు గలవు. మొదటిది 'ఏకాకి'. పాణిని యైదవయధ్యాయము మూఁడవపాదమున నేకశబ్దముమీఁద 'ఆకినిచ్' అను ప్రత్యయమును విధించుచు, అసహాయుఁ డను నర్థమున నని నియమించెను. సంఖ్యచేత నొకఁడైనంతమాత్రమున నేకాకి కాఁడు. తోడుండవలసినవాఁడు లేకపోవుటచేత నేకాకి యగును. సహాయశబ్దమునకు 'వెంట నడచువాఁడు' అని యవయవార్థము. తెలుఁగునాఁట నేఁటికిని "చీఁకటి పడినది, వీధిచివర దాఁక సాయము రమ్ము" అని పిల్లలు పెద్దలను బిలుచునపుడు, ఆ సాయము పనిలోఁ దోడ్పాటు గాదు, వెంట నుండుటయే. వైయాకరణుఁడు చెప్పిన యసహాయత్వ మీ యింటిమాటలోఁ జెక్కుచెదరక జీవించియున్నది.

బృహదారణ్యకోపనిషత్తు మొదటియధ్యాయము నాల్గవ బ్రాహ్మణమున నీ యేకాకిత్వము చక్కఁగా విమర్శింపఁబడినది. సృష్ట్యాదియం దొక్కఁడే యున్న పురుషుఁడు మొదట భయపడెను. తనకంటె నన్యము లేనపుడు భయ మెవ్వనివలన నని యాలోచింపఁగా నా భయము తొలఁగెను. భయము రెండవదానివలనఁ గదా కలుగునది. అయినను వానికి సంతోషము గలుగలేదు. అందుచే రెండవదానిని గోరెను. ఇచట భయమును, ఉల్లాసహీనతయు విడఁదీయఁబడినవి. ఒకటి విచారముచేఁ బోయినది, రెండవది పోలేదు. మనోవ్యాధులను జికిత్సించువారు నేఁడు చేయు విభాగము దీనికి మిక్కిలి దగ్గఱగా నున్నది.

రెండవపదము 'కేవలము'. అమరసింహుఁడు నానార్థవర్గమున దీనికి నిశ్చితమనియు, ఒకటి యనియు, సమస్తమనియు నర్థములు చెప్పెను. ఒకటియు సమస్తమును నొక్కపదమునఁ గూడుట 'ఆల్', 'వన్' పదముల కూడికను దలఁపించుచున్నది. రెండుభాషల కీ విషయమునఁ బరస్పరసంపర్కము లేదు. అయినను భావ మొక్కటే. దేనితోను గలియనిదియే కొదవలేనిది యని యూహ. కేవలత్వమే కైవల్యము. పతంజలి యోగసూత్రములలోఁ గడపటి పాదమునకుఁ గైవల్యపాద మని పేరు. పోతన భాగవతారంభమునఁ గోరినదియుఁ గైవల్యమే. అట్టి శబ్దము తెలుఁగువాడుకలోఁ గాలక్రమమున నెంత తగ్గినదో చూడుఁడు! "కేవలము పదిరూపాయలు", "కేవలము గుమాస్తా" అనునపుడు కేవలశబ్దము కించపఱచుటకే పనికివచ్చుచున్నది.

కాఁబట్టి 'అలోన్' అనునది వ్యుత్పత్తిచేఁ గేవలమునకు బంధువు. 'లోన్లీ' యనునది భావముచే నేకాకికి బంధువు. తెలుఁగు 'ఒంటరి' యే పక్షమునకుఁ జెందును?

'ఒండు' అనునది తెలుఁగునఁ బ్రాచీనమైన సంఖ్యావాచకము. తమిళమున 'ఒన్ఱు', కన్నడమున 'ఒందు', మలయాళమున 'ఒన్ను' అని యున్నవి. బరో, ఎమెనో పండితులు 1961లోఁ బ్రకటించిన ద్రావిడవ్యుత్పత్తినిఘంటువున నివియు, 'ఒంటి' యనుదియు నొకకుదుటఁ జేర్పఁబడినవి. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు 1986 మొదలు 1993 వఱకు నుపాధ్యక్షుఁడుగా నుండిన భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో వెలువరించిన ద్రావిడభాషల గ్రంథమున నీ సంఖ్యావాచకముల మూలరూపములు సవిస్తరముగాఁ జర్చింపఁబడినవి. 'రెండు'నకు 'రెంటి', 'మూఁడు'నకు 'మూఁటి' యైనట్లు 'ఒండు'నకు 'ఒంటి' యైనది. బాలవ్యాకరణము చదివిన విద్యార్థికి నిది యౌపవిభక్తికకార్యమే యని చెప్పనక్కఱలేదు.

ఈ 'ఒంటి' యందు దుఃఖము గంధమాత్రమును లేదు. ఒంటిపూట, ఒంటిగంట, ఒంటికొమ్ము, ఒంటిస్తంభపు మేడ, ఒంటెద్దుబండి. ఇవి యన్నియు లెక్కను జెప్పు మాటలు. ఒకఁడు కోపముతో నొంటికాలిపై లేచినను, ఆ కాలికి రెండవది లేదని యెవ్వరును జాలిపడరు. వాడుకలో 'ఒంటిమీఁది గుడ్డ', 'ఒంటికిఁ బట్టినది' అనుచోట్ల వచ్చు 'ఒంటి' దీనికిఁ జెందదు. అది శరీరవాచకమైన 'ఒళ్లు' అనుదాని రూపము. బాలురు దీనిని దానిని గలిపి వ్యుత్పత్తి చెప్పుట పాఠశాలలలోఁ దఱచుగా వినఁబడుచుండును.

'ఒండు' అనుదానికి 'వేఱొకటి' యను నర్థమును గావ్యములలోఁ బ్రసిద్ధము. ఆ యర్థమునుండియే 'ఒండొరులు' అను పదము వచ్చినది. అనఁగాఁ బరస్పరము, ఒకరికొకరు. ఒక్కకుదురుననే యొంటితనమును, అన్యోన్యత్వమును బుట్టినవి. ఆంగ్లమున 'అలోన్', 'అటోన్' అను జంటకు నిదియే సాటి. కలహించినవారు కలసినపుడు తెలుఁగువారును "వా రొక్కటైరి" యనియే యందురు.

'ఒంటి' మీఁద 'అరి' ప్రత్యయము చేరఁగా 'ఒంటరి' యైనది. నేర్పరి, జూదరి, కల్లరి యనువానిలో నున్నది యీ ప్రత్యయమే. ఇది యొక గుణమో యలవాటో స్థిరముగాఁ గలవానిని దెలుపును. ఒకనాఁడు వినోదమునకు జూదమాడినవాఁడు జూదరి కాఁడు. ఒకమాఱు బొంకినవాఁడు కల్లరి కాఁడు. ఆ న్యాయముననే యొకగంటసేపు తోడు లేక కూర్చున్నవాఁడు ఒంటరి కాఁడు. అతఁడు ఒంటిగా నున్నవాఁడు మాత్రమే. ఇదియే యీ విచారమునకుఁ గీలకము. 'అలోన్' ఆంగ్లమున విశేషణముగా నిలువలేని పదము. 'ఒంటరి' తెలుఁగునఁ బుట్టుకచేతనే మనుష్యవాచకము. స్థితిని జెప్పు మాటకు జాతిని జెప్పు మాటను బ్రతిగా నిలుపుట తూఁకమునకు బదులు కొలత వేయుట వంటిది.

ఒంటరి యనఁగా దీనుఁడే యని మన పూర్వు లనుకొనలేదనుటకు వేఱొక నిదర్శనము గలదు. ఆంధ్రదేశమునఁ గాపు, తెలగ, బలిజ వర్గములతోఁ బాటు 'ఒంటరి' యను కులనామము నేఁటికిని ప్రభుత్వపు పట్టికలలోఁ గానవచ్చును. ఆ పేరును సైనికవృత్తితో ముడివెట్టి చెప్పుట యా వర్గమువారి సంప్రదాయము. కావ్యములలో 'ఎక్కటికయ్యము' అనఁగా నొకనితో నొకఁడు చేయు పోరు. ఒంటిగాఁ బోరుట శూరునకు వన్నె. ఆ సందర్భమున నేకత్వము బిరుదు వంటిది.

ఇంక వాక్యప్రయోగమునకు వత్తము. ఆంగ్లమున 'అలోన్' నామమునకు వెంటనే తరువాత వచ్చినచో 'మాత్రమే' యనియు, క్రియ తరువాత వచ్చినచో 'తోడు లేక' యనియు నర్థమిచ్చును. తెలుఁగున "రాముఁ డొక్కఁడే వచ్చెను" అను వాక్యమునకు రెండర్థములు గలవు. పిలిచిన పదిమందిలో రాముఁడు తప్ప నన్యులు రాలేదని యొకటి. రాముఁడు భార్యాబిడ్డలను వెంటఁ దేలేదని యొకటి. అవధారణార్థకమైన యేకారము రెంటను సమానము. విన్నవాఁడు సందర్భముచేతనే గ్రహింపవలయును. 1998లో గచ్చిబౌలిలో స్థాపితమైన ట్రిపుల్ ఐటీయందలి భాషాసాంకేతిక కేంద్రమువంటి చోట్ల యంత్రములచే భాషాంతరీకరణము చేయింప యత్నించువారి కిట్టి వాక్యములు గట్టి పరీక్షలు. యంత్రమునకు సందర్భజ్ఞాన మెంత కలదో యంతయే దాని తెలుఁగు. కాని సందేహము గలుగకుండ వ్రాయఁదలఁచిన మనుష్యునికిఁ దెలుఁగున సాధనములు లేకపోలేదు. మొదటి యర్థమునకు "రాముఁడు మాత్రమే", రెండవదానికి "రాముఁ డొంటిగా" నన్నచోఁ జాలును. ఇచట "రాముఁ డొంటరిగా వచ్చెను" అన్నచో, పాపము, వానికిఁ దోడు వచ్చువారే లేకపోయిరా యను జాలి యకారణముగాఁ బుట్టును.

'లోన్లీ' యనుదానికిఁ దెలుఁగున మాట లేదని కొంద ఱనుచుందురు. ఇది నిఘంటువులలో నామవాచకముల పుటలు మాత్రమే తిరుగవేయువారి యభిప్రాయము. తెలుఁగు ఈ బాధను నామములతోఁ గాక క్రియలతోఁ జెప్పును. తల్లి యూరికిఁ బోయినపుడు బిడ్డ బెంగపెట్టుకొనును. పెద్దయింట నొక్కతెయే యున్న ముసలమ్మ బిక్కుబిక్కుమనుచుండును. ఉద్యోగము విడిచి యింటఁ గూర్చున్నవానికిఁ బ్రొద్దుపోదు, ఏమియుఁ దోఁచదు. ఉపనిషత్తు విడఁదీసిన భయమును ఉల్లాసహీనతయు నిచ్చట బిక్కుబిక్కుమనుటలోను, తోఁచకపోవుటలోను వేఱువేఱుగా నిలిచియున్నవి. బెంగ యనుదానిలో నొక యధికవిశేష మున్నది: అది ఫలానా మనుష్యునికొఱకుఁ గలుగునది. రాత్రి పాళీలో వందలమంది నడుమఁ బనిచేయుచు, ఇంటికొఱకు బెంగగొన్న యువకుఁడు 'లోన్లీ' యగునే గాని 'అలోన్' గాఁడు. తన గదిలో ఆదివారమునాఁడు తలుపు వేసికొని పుస్తకము చదువుకొను యువతి 'అలోన్' అగును గాని 'లోన్లీ' గాదు. ఈ యిరువురిని 'ఒంటరి' యను నొకపేరనే పిలిచినచో, మొదటివాని బాధ తేలిపోవును. రెండవయామెకు లేని బాధ యంటఁగట్టఁబడును.

సైబరాబాదు వాడుకలో మఱికొన్ని చిత్రములు గలవు. అయ్యప్ప సొసైటీ మొదలగు చోట్ల వసతిగృహముల పలకలమీఁద "సింగిల్ షేరింగ్, డబుల్ షేరింగ్, త్రీ షేరింగ్" అని వ్రాయుదురు. షేరింగ్ అనఁగాఁ బంచుకొనుట. ఒక్కఁడే యుండు గదిని ఎవ్వనితోఁ బంచుకొనును? ఇద్దఱు, ముగ్గు రను వరుసలో మొదటి మెట్టుగా నొకనిని నిలుపుటచేత నీ విపరీతప్రయోగము పుట్టినది. తర్కమున దోషమైనను, ఆ పలకను జూచి మోసపోయినవాఁ డెవ్వఁడును లేఁడు. దాని ప్రక్కవీధిలోనే "ఫ్యామిలీస్ ఓన్లీ" యని వేఱొక పలక కానవచ్చును. ఒకటి యను మాటనుండి పుట్టిన 'ఓన్లీ' యే, ఒకఁడుగా వచ్చినవానిని గుమ్మము త్రొక్కనీయదు! పెండ్లికానివారిని 'సింగిల్' అనుటయు, తోడు లేని ప్రయాణమును 'సోలో' యనుటయు యువజనులలో స్థిరపడినవి. 'సోలో' ఇటలీభాషనుండి సంగీతముతోఁ బాటు ఆంగ్లమునకు వచ్చిన పదము. 2011లో నాపేరనే యొక తెలుఁగుచలనచిత్రమును, 2020లో 'సోలో బ్రతుకే సో బెటర్' అను చిత్రమును వెలువడినవి. 'ఒంటరి' యని చెప్పుకొనుటకు సిగ్గుపడువాఁడు 'సోలో' యని చెప్పుకొనుటకు సంకోచింపఁడు. పరభాషాపదమును దెచ్చుకొనుట కిట నాగరకతామోహ మొక్కటియే కారణము గాదు. తెలుఁగుపదమునఁ బేరుకొన్న జాలిని దప్పించుకొనుటయు నొక కారణము.

ప్రభుత్వవ్యవహారమునకు వచ్చినచో విషయము గంభీరమగును. తెలంగాణ ప్రభుత్వము 2017లో 'ఒంటరి మహిళ'లకు నెలకు 1,000 రూపాయల భృతిని ఆసరా పింఛనులలోఁ జేర్చెను. 2019లో నది 2,016 రూపాయలకుఁ బెంపఁబడెను. ఆ సహాయము మేలైనది. వంకపెట్టవలసినది పేరునకు మాత్రమే. ఇచట 'ఒంటరి' యనునది ఆంగ్లమునందలి 'సింగిల్' అనుదానికిఁ బ్రతిపదము. భర్తతోడు లేకపోవుటయే దాని వివక్ష. ఆ స్త్రీ తల్లిదండ్రులతో నుండవచ్చును. ముగ్గురు బిడ్డలకుఁ గూడు వండిపెట్టుచుండవచ్చును. ఆమె యిల్లు సందడిగా నుండవచ్చును. అయినను కాగితముమీఁద నామె 'ఒంటరి'. వ్యాకరణదృష్టిచే నీ ప్రయోగము సాధువే. 'అరి' ప్రత్యయమునకుఁ దగినట్లు జాతివాచకముగానే వాడఁబడినది. కాని యాపె వైద్యునియొద్ద కేగినపుడు "ఒంటరి" యని వ్రాసినచో, ఆ వ్రాఁత యింట నెవ్వరును లేరనియా, మనసు బాగులేదనియా, పెనిమిటి లేఁడనియా? మూఁడింటికిని జికిత్స వేఱు. మూఁడవదానికిఁ జికిత్సయే యక్కఱలేదు.

రూఢి బలీయము, 'ఒంటరితనము' అను పదము 'లోన్లీ' యను భావమున నిదివఱకే పాఁతుకొన్నది కదా యని యాక్షేపింపవచ్చును. ఆ రూఢి నట్లే యుండనిండు. బాధను జెప్పవలసినచోట నొంటరితనము, వెలితి, బెంగ యను మాటలను వాడుటలో దోషము లేదు. అట్లు విడిచిపెట్టిన పదమును మరల 'అలోన్' అనుదానికిఁ గూడ వాడుటయే కూడదు. 'అలోన్' స్థితిని జెప్పినపుడు 'ఒంటిగా', 'ఒక్కఁడే', 'ఒక్కతెయే' యనియు, ఇతరులను వారించినపుడు 'మాత్రమే' యనియు నిఘంటువులలో వేఱువేఱు పంక్తులుగా నిలుపవలయును. 'సింగిల్' అనుదానికి నేకపదము వెదకుట వృథాప్రయాస. పెండ్లికాని, భర్తను విడిచిన, భర్త విడిచిన, భర్త మరణించిన యని సంగతి యున్నట్లు చెప్పుటయే మేలు. ఇవి నాల్గును నాలుగు బ్రదుకులు.

వసతిగృహములవారి పలకకుఁ దెలుఁగు కావలెనన్నచో నది సిద్ధముగానే యున్నది. వేసవి రాఁగానే ఒంటిపూటబడి యనుట పల్లెపిల్లలకును దెలియును. ఆ బడిని జూచి జాలిపడినవారు లేరు, సంతసించినవారే గాని. ఆ తీరుననే 'ఒంటిగది' యని వ్రాసినచో, 'సింగిల్ షేరింగ్' అనుదానికంటె నక్షరములును దక్కువ, తర్కదోషమును లేదు.